చెడు మాట్లాడని ధనమ్మ

ఫిజీలోని మా లంబాసాలో కకసే అన్న మాటకు బరువు లేదు. ఫిజియన్ల దగ్గర నేర్చుకున్న మాట, ఊసుపోక చెప్పుకునే కబుర్లు అని అర్థం, మేమూ వాళ్లలాగే వాడతాం. బస్సు కోసం నిలబడితే కకసే, బట్టలు ఉతుకుతూ కకసే, పెళ్లింట్లో బంగాళదుంపల తొక్క తీస్తూ కకసే. "ఏం అక్కా, ఇవాళ కకసే ఏమిటి?" అని అడిగితే కోపం తెచ్చుకునేవాళ్లు లేరు, పీట జరిపి కూర్చోమనేవాళ్లే. ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, ఎవడి ఎద్దు ఎవడి తోటలో పడింది, అంతే. అందులో నిజమెంతో అబద్ధమెంతో ఎవరూ తూకం వేయరు.

మా అవ్వ దగ్గర ఇంకో మాట ఉండేది. ఆమె విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి చెరకు కొట్టడానికి వచ్చిన మనిషి. మా ఇంట్లో తెలుగు ఆమెతోనే పోయింది, నాలుగు తిట్లూ పది సామెతలూ మాత్రం నాకు మిగిలాయి. చిన్నప్పుడు బెల్లం నేను తిని తమ్ముడు తిన్నాడని చెబితే, "అభాండం వేయకే, కళ్లు పోతాయి" అనేది. కకసే చెబుతారు. అభాండం వేస్తారు. వేయాలంటే ముందు దాన్ని మన నెత్తి మీద నుంచి దించాలి, తర్వాత ఇంకొకరి నెత్తి వెతకాలి. ఆ తేడా నాకు నలభై నాలుగేళ్ల వయసులో, ఒక్క చెరకు సీజనులో తెలిసింది. తెలిసే వేశాను.

ఆ సంవత్సరం మే నెలలో చెరకు కొట్టే మా గ్యాంగు వాళ్లమంతా బిసున్ అన్న వరండాలో చేరాం. ఎనిమిది పొలాల గ్యాంగు మాది. ఎవరి చెరకు ముందు కొట్టాలి, ఎవరిది తర్వాత అన్నది చీటీలు వేసి తేలుస్తారు. గ్యాంగును నడిపే సర్దారు బిసున్ అన్న. పదకొండేళ్లుగా ఆయనే. తన టోపీలో ఎనిమిది చీటీలు వేసి అందరి ముందుకూ తిప్పాడు. అందరూ తీశాక టోపీలో మిగిలింది తన చీటీ. విప్పితే ఎనిమిది.

ఎనిమిది అంటే డిసెంబరు. వానలు దిగాక చెరకు తోలడానికి పొలంలో పరిచిన రైలు పట్టాలు కుంగిపోతాయి, మిల్లు మూసేస్తారు, చివరివాడి చెరకు నిలబడి ఎండిపోతుంది. అందుకే ఎనిమిదో చీటీ అంటే అందరికీ భయం. మా ఆయన అప్పన్న పగలబడి నవ్వాడు.

"వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇదేం వింతయ్యా, వడ్డించేవాడే కడపంక్తిలో కూర్చున్నాడు!"

"వడ్డించేవాడు ముందే తింటే మీరు ఊరుకుంటారా?" అన్నాడు బిసున్ అన్న, యంగోనా కషాయం గిన్నె తన వైపు లాక్కుంటూ. "నాకు ఈసారి చెరకు గురించి బెంగ లేదురా. లీజు తిరిగి రాస్తే చాలు."

ఆ ఏడాదితో ఆయన లీజుకు ముప్పై ఏళ్లు నిండుతున్నాయి. భూమి అపిసాయి వాళ్లది. పక్క ఊళ్లో ఉండే ఫిజియన్ పెద్ద ఆయన, ఆ వంశం తరఫున మాట చెప్పేవాడు. మా లీజుకు ఇంకా తొమ్మిదేళ్లు ఉంది. బిసున్ అన్నకు మాత్రం డిసెంబరు తర్వాత అదే పొలం, అదే ఇల్లు ఉంటాయా లేదా అన్నది అపిసాయి నోట్లో ఉంది. సీజను అయ్యాక కూర్చుందాం, భయపడకు అని అపిసాయి అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆ ధైర్యంతోనే బిసున్ అన్న నవ్వగలిగాడు. ఆయన భార్య రాజ్‌వంతి అక్క మాత్రం నవ్వలేదు, చీటీ తీసి రవికెలో పెట్టుకుంది.

మాకు నాలుగో చీటీ వచ్చింది. సెప్టెంబరు మధ్యలో గ్యాంగు మా పొలంలో దిగింది. ఎవరి చెరకు కొడుతుంటే వాళ్లింటి ఆడవాళ్లు కొట్టేవాళ్లకు టీ పెట్టాలి. మా పొలానికీ బిసున్ అన్న పొలానికీ మధ్య గట్టు మీద ఒక మామిడి చెట్టు ఉంది. దాని కింద మూడు రాళ్లు పెట్టి అల్యూమినియం కెటిల్లో నిమ్మాకు టీ కాచేదాన్ని. ఆ కెటిల్ మూతకు పిడి ఊడిపోతే, పాత ట్రక్కు బోల్టు ఒకటి పట్టుకొచ్చి బిగించి ఇచ్చినవాడు బిసున్ అన్నే. "ఇక నీ కెటిల్ పోయినా మూత పోదు ధనమ్మా" అన్నాడు అప్పుడు.

పొలంలో పొయ్యి పెడితే రెండు పద్ధతులు పాటించాలి. చుట్టూ బెత్తెడు లోతున మట్టి తవ్వి ఎండాకు దూరంగా తొయ్యాలి. పోయేటప్పుడు బకెట్టు నీళ్లు గుమ్మరించి, చెయ్యి పెట్టి చూడాలి. ఇది మాకు ఎవరూ నేర్పరు, పాలతో పాటు తాగుతాం.

ఆ బుధవారం మట్టి తవ్వాను. బకెట్టులో నీళ్లు మాత్రం కొట్టేవాళ్లు తాగేశారు. బావి రెండు పొలాల అవతల. టైము పన్నెండున్నర కావస్తోంది. పన్నెండున్నరకు రేడియోలో చావు కబుర్లు చదువుతారు. ఫలానా ఊరి ఫలానాయన పోయారు, బంధువులు గమనించగలరు అని. అది వినకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఎవరు పోయారో అందరికన్నా ముందు తెలుసుకుని, వాడలో నాలుగిళ్లు తిరిగి చెప్పడం నా యావ. కెటిల్ అడుగున మిగిలిన టీ నిప్పుల మీద ఒంపాను. చుయ్‌మంది. చెయ్యి పెట్టి చూడలేదు. కెటిల్ పట్టుకుని పరిగెత్తాను.

ఆ రోజు చావు కబుర్లలో మాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. రేడియో కట్టేస్తుంటే కిటికీలోంచి పొగ కనిపించింది.

గాలి మా వైపు నుంచి బిసున్ అన్న పొలం వైపు వీస్తోంది. ఎండిన చెరకు ఆకు అంటుకుంటే వచ్చే చప్పుడు వినని వాళ్లకు చెప్పలేను. జనమంతా పచ్చి కొమ్మలు పట్టుకుని కొట్టారు. కొట్టేవాళ్లు మా చెరకు వదిలేసి అటు పరిగెత్తి మధ్యలో బాట నరికారు. అయినా సగం పొలం పోయింది. మంట వాగు పక్క నుంచి దాటి అపిసాయి వాళ్ల పెద్దల సమాధుల చుట్టూ ఉన్న రంగురంగుల క్రోటన్ చెట్లను కూడా నాకేసింది. అది చూసి బిసున్ అన్న కొమ్మ కింద పడేసి తల పట్టుకున్నాడు. చెరకు కాలుతుంటే పట్టుకోని తల అప్పుడు పట్టుకున్నాడు.

సాయంత్రం అందరం గట్టు మీద కూలబడ్డాం. మొహాలు మసి, కళ్లు ఎరుపు. కాలిన చెరకు ఆగదు. రెండు మూడు రోజుల్లో కొట్టి మిల్లుకు తోలకపోతే రసం పులిసిపోతుంది. అంటే వరస తప్పించి గ్యాంగు రేపే బిసున్ అన్న పొలంలో దిగాలి, మిగతావాళ్లందరూ వెనక్కి జరగాలి. మా తర్వాతి చీటీ ఫూల్‌మతిది. ఆమె నోరు లౌడ్‌స్పీకరు, మనసు మాత్రం చెడ్డది కాదు.

"అసలు ఎలా అంటుకుంది? పిడుగు పడిందా, దెయ్యం బీడీ తాగిందా?" అంది ఫూల్‌మతి.

ఎవరైనా తల తిప్పి మామిడి చెట్టు వైపు చూస్తారేమోనని భయపడ్డాను. అప్పుడే కెటిల్ మూత గుర్తొచ్చింది. ఇంటికి తెచ్చింది కెటిల్ ఒక్కటే. మూత ఆ రాళ్ల దగ్గరే ఉంది. వాళ్ల చూపు అటు తిరగకముందే నా నోరు తిరిగింది.

"ఏమో తల్లీ. ఇక మనందరి చెరకూ ఆగాలి, అన్న చెరకు ముందు పోవాలి. అంతే కదా?"

అందులో ఒక్క అబద్ధం లేదు. ఇప్పటికీ ఆ మాటను చెరకు గడలా కణుపు కణుపుగా విరిచి చూస్తాను, ఏ ముక్కలోనూ అబద్ధం దొరకదు. కానీ ఫూల్‌మతి కళ్లు చిన్నవి చేసి బిసున్ అన్న వైపు చూసింది. ఆయన దూరంగా చేతుల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. "ఎనిమిదో చీటీ," అంది మెల్లగా. ఆ అమ్మాయి మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

మర్నాడు తెల్లవారగానే మూత కోసం వెళ్లాను. బూడిదంతా కర్రతో కెలికాను. రాళ్లు ఉన్నాయి, మూత లేదు. ఎవరి కాలో తగిలి దొర్లిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఇంటికొస్తే అప్పన్న గుమ్మంలో కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

"నిన్న పొయ్యి ఆర్పావు కదా?"

"ఆర్పాను."

"నీళ్లు పోసి?"

"పోశాననే చెబుతున్నాను కదా, కోర్టులో అడిగినట్టు అడుగుతావేం?"

కత్తి రాయి మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. పెళ్లాం వంక చూడకుండా మొగుడు ఒక మాటను మింగాడంటే, ఆ మాట అతనికీ తెలుసన్నమాట. అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఏమయ్యేది? తిట్టేవాళ్లు, గ్యాంగు ముందు తల వంచుకుని నిలబడాల్సి వచ్చేది, మొగుడు నాలుగు రోజులు మాట్లాడకపోయేవాడు. అంతే. ఆ నాలుగు రోజుల కోసం చెప్పలేదు.

శుక్రవారానికి ఆ మాట అంగడికి చేరింది. శనివారం బస్సెక్కి టౌనుకు పోయింది. ఆదివారం భజనకు వెళ్తే అది నా దగ్గరికే తిరిగి వచ్చింది, కొత్త బట్టలు కట్టుకుని.

"విన్నావా ధనమ్మక్కా," అంది ఫూల్‌మతి నా పక్కన చతికిలబడుతూ. "బిసున్ అన్న కిరసనాయిలు డబ్బా పట్టుకుని గట్టు మీద తిరుగుతుంటే చూసినవాళ్లున్నారట. నీలం డబ్బా."

"ఎవరు చూశారు?"

"ఎవరో చూశారులే. చూడందే చెబుతారా? నిప్పు లేనిదే పొగ రాదు కదా."

"ఊరికే అనకు ఫూల్‌మతీ, పాపం," అన్నాను. నిజంగా ఆపుదామనే అన్నాను. ఆమె నా తొడ మీద చరిచి నవ్వింది.

"నీకు అందరూ మంచివాళ్లేనమ్మా! పక్కింటివాళ్లని వెనకేసుకొస్తున్నావు, నాకు తెలియదా? అంటే నువ్వూ ఏదో చూశావు."

కాదన్నా అవునన్నట్టే అయింది. ఇక నోరు విప్పకూడదని నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయం నాకు చాలా సుఖంగా ఉంది, అదీ చెప్పాలి.

పది రోజులకు గ్యాంగు కూర్చుంది. బిసున్ అన్న వరండాలో కాదు, ఫూల్‌మతి వాళ్ల షెడ్డులో. మే నెలలో అందరూ నవ్విన ఎనిమిదో చీటీ ఇప్పుడు సాక్ష్యమైంది. చివరివాడికే కదా తగలబెట్టుకునే అవసరం అన్నాడొకడు. టోపీ తనదే, చీటీలు తనవే అన్నాడు ఇంకొకడు. అది మరీ విడ్డూరం. మోసం చేసేవాడైతే ఎనిమిదో చీటీ తనకెందుకు మిగుల్చుకుంటాడు? ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. నాకు వచ్చింది. ఆడవాళ్ల వరసలో కూర్చుని చీర కొంగు మడతలు పెట్టుకున్నాను.

బిసున్ అన్న లేచి నిలబడ్డాడు. "నేను తగలబెట్టలేదు. ఇంతకన్నా నా దగ్గర చెప్పడానికేం లేదు," అన్నాడు. ఆగాడు. మొగవాళ్ల మీదుగా ఆడవాళ్ల వైపు ఒకసారి చూశాడు. ఎవరో మాట్లాడతారని ఎదురుచూసినట్టు చూశాడు. తర్వాత మెడలోంచి సర్దారు ఈల తీసి చాప మీద పెట్టాడు. పదకొండేళ్లుగా పొద్దున్నే నాలుగున్నరకు మమ్మల్ని లేపిన ఈల అది.

ఆ ఈల మా ఇంటికి వచ్చింది. కొత్త సర్దారు అప్పన్న. రాత్రి దాన్ని మేకుకు తగిలించి, "నేను అడగలేదు, వాళ్లే ఇచ్చారు," అన్నాడు గోడతో.

అక్టోబరు చివర్లో అపిసాయి వచ్చాడు. భుజం మీద చేమదుంపల కట్ట తెచ్చి గుమ్మంలో దించి, తలుపు దగ్గర వంగి లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. పెద్ద మనిషి. మా హిందీ మాకన్నా బాగా మాట్లాడతాడు. మేమందరం ఆయన్ను తురంగ అని గౌరవంగా పిలుస్తాం. అప్పన్న ఎదురుగా కూర్చున్నాడు. నేను టీ ఇచ్చాను, కెటిల్ మీద పళ్లెం బోర్లించి ఉంది అప్పటికి.

"అప్పన్నా, నేను నీతో కాదు, ధనమ్మతో మాట్లాడాలి," అన్నాడు. అప్పన్న చూపు ఈల మీదికి పోయింది.

"చెప్పండి తురంగ."

"మా కుర్రవాళ్లు బిసున్‌కి లీజు వద్దంటున్నారు. చెరకు తన స్వార్థానికి తగలబెట్టి మా పెద్దల మీదికి నిప్పు తోలాడంటున్నారు. నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మా నాన్న పోతే ఏడు రోజులు మా ఇంటికి కట్టెలు కొట్టింది వాడు." టీ ఊదుకున్నాడు. "ఆ రోజు గట్టు మీద ఉన్నది నువ్వు. అది నిజమా, వట్టి కకసేనా? నువ్వు చెప్పు. కకసే అని నువ్వంటే నేను వెళ్లి వాళ్ల నోళ్లు మూయిస్తాను."

అంత తేలిక చేసి ఇచ్చాడు నాకు. నిప్పు ఎలా పుట్టిందని కూడా అడగలేదు. ఒక్క మాట, "కకసే తురంగ" అంటే చాలు. నా మూత సంగతి, టీ సంగతి, రేడియో సంగతి ఏదీ చెప్పక్కర్లేదు. కానీ ఆ మాటంటే, మరి నిప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది అని రెండో ప్రశ్న వస్తుందని భయపడ్డాను. అడిగేవాడో లేదో. నేను మాత్రం ఆ రెండో ప్రశ్నకు భయపడి మొదటి ప్రశ్నకు జవాబు ఇలా ఇచ్చాను.

"పక్కింటివాళ్ల గురించి చెడు మాట్లాడే అలవాటు నాకు లేదు తురంగ. నన్ను అడగకండి."

అపిసాయి నా మొహంలోకి చాలాసేపు చూశాడు. మెల్లగా తలాడించాడు.

"మంచిదానివమ్మా. చెడు లేకపోతే లేదనే చెప్పేదానివి." టీ పూర్తిగా తాగి, కప్పు బోర్లించి లేచాడు.

ఆయన వాగు దాటేదాకా అప్పన్న కదల్లేదు. తర్వాత అన్నాడు, "అలా ఎందుకన్నావు?"

"ఏమన్నాను? నేనేమీ అనలేదు కదా!"

"అదే," అన్నాడు.

డిసెంబరులో మిల్లు ఆఖరి కూత వేసిన వారానికి లారీ వచ్చింది. లీజు పోయినవాళ్లకు భూమి పోతుంది గానీ ఇంటి రేకులూ చెక్కలూ వాళ్లవే. ఊడదీసుకుని పోవచ్చు. సముద్రం అవతల సువా పక్కన ఎవరో బంధువుల పెరట్లో మళ్లీ నిలబెట్టుకుంటామన్నారు. ముప్పై ఏళ్ల ఇల్లు ఒక్క పగలులో లారీ ఎక్కింది. పక్కింటివాళ్లు వెళ్లి సాయం చేయాలి, అది మా మర్యాద. రొట్టెలూ టిన్ను చేపల కూరా చేసుకుని నేనూ వెళ్లాను. ఎంత సిగ్గులేనిదాన్నో అప్పుడు తెలియలేదు.

రాజ్‌వంతి అక్క ఒక రాయి ముందు కూర్చుని, పీకిన మేకుల్ని సుత్తితో ఒక్కొక్కటే సాపు చేస్తోంది. నేను పక్కన కూర్చుని వంకర మేకులు అందించాను. డబ్బా నిండాక ఆమె లేచి, మూటలోంచి గుడ్డ చుట్టిన వస్తువొకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

విప్పకముందే బోల్టు వేలికి తగిలింది.

"ఆ సాయంత్రమే దొరికింది," అంది. "రాళ్ల పక్కనే. ఆయనే తెచ్చాడు. తను బిగించిన బోల్టు తనకి తెలియదా?"

"ఎందుకు... ఎందుకు చెప్పలేదక్కా? గ్యాంగు ముందు, అపిసాయితో..."

"నేను చెబుదామన్నాను. ఆయనే వద్దన్నాడు. నేను కాదు, అదిగో ఆమె అని మనం వేలు చూపిస్తే మనం కూడా వాళ్లలాగే అవుతాం, ఆడమనిషి కొంగు చాటున దాక్కున్నాడంటారు అన్నాడు. ధనమ్మ తనే వస్తుంది, నాలుగు రోజులు భయపడుతుంది, తర్వాత వస్తుంది అన్నాడు." రాజ్‌వంతి అక్క మేకుల డబ్బా చంకనెత్తుకుంది. "నేనూ ఎదురుచూశాను చెల్లీ. కనీసం మూత వెతుక్కుంటూ అయినా మా ఇంటికి వస్తావనుకున్నాను."

అప్పుడైనా కాళ్ల మీద పడ్డానా? లేదు. లారీ స్టార్టు చేశారు. బిసున్ అన్న పైన రేకుల మీద కూర్చుని ఉన్నాడు. నా వైపు చూసి చెయ్యెత్తాడు, రోజూ పొలానికి పోతూ ఎత్తినట్టే. నేనూ ఎత్తాను. ఎత్తిన చేతిలో మూత ఉంది.

లారీ మలుపు తిరగ్గానే ఫూల్‌మతి నా భుజం పట్టుకుంది. "పోతూ పోతూ ఏమిచ్చింది? ఏమంది? తిట్టిందా?"

"లేదు. నా మూత వాళ్లింట్లో ఉండిపోయింది. ఇచ్చింది."

ఆ తర్వాత పాతికేళ్లు గడిచాయి. నేను అపిసాయితో ఏమన్నానో ఆయనే నలుగురిలో చెప్పాడు. "ఇంటి పక్కన అంత జరిగినా ధనమ్మ నోట ఒక్క చెడ్డమాట రాలేదు" అని. ఆ మాట కూడా అంగడికి పోయింది, బస్సెక్కింది. మంచి మాట కూడా అంత వేగంగా పాకుతుందని నాకు తెలియదు. పెళ్లిళ్లలో అత్తలు కొత్త కోడళ్లను నా దగ్గరికి తెచ్చి దండం పెట్టిస్తారు. "ధనమ్మను చూసి నేర్చుకో. ఎవరి గురించీ చెడు మాట్లాడదు," అంటారు. ఆ పిల్లలు వంగి నా పాదాలు ముట్టుకున్నప్పుడల్లా నాకు చెంప దెబ్బ తిన్నట్టే ఉంటుంది. అప్పన్న బతికున్నన్నాళ్లూ ఆ సమయానికి లేచి బయటికి పోయేవాడు. అపిసాయి పోయాడు, అప్పన్న పోయాడు. అపిసాయికి చెప్పలేదు. సువా వెళ్లలేదు. ప్రతి డిసెంబరూ వచ్చే ఏడాది వెళ్తాననుకున్నాను.

పోయిన నెల, మధ్యాహ్నం పన్నెండున్నరకు రేడియో పెట్టాను. "లంబాసాకు చెందిన, ప్రస్తుతం సువా దగ్గర నివసిస్తున్న, గ్యాంగు సర్దారుగా పనిచేసిన బిసున్ దేవ్ గారు పోయారు. భార్య రాజ్‌వంతి, పిల్లలు ఉన్నారు. బంధుమిత్రులు గమనించగలరు." సర్దారుగా పనిచేసిన అని చెప్పించింది రాజ్‌వంతి అక్క. రేడియో కట్టేశాను. లేచి నాలుగిళ్లు తిరగలేదు.

నేను తిరగకపోయినా ఫూల్‌మతి వచ్చింది, కర్ర పోటేసుకుంటూ, రొప్పుతూ.

"విన్నావా ధనమ్మక్కా? పోయాడట! ఆ చెరకు తగలబెట్టినాయన, బిసున్!"

పాతికేళ్ల తర్వాత ఆయన పేరుకు ముందు మా వాడలో మిగిలిన మాట అది. అది నేనిచ్చిన మాట. అటక మీద ఉన్న మూత తీశాను. ఎన్నడూ కెటిల్ మీద పెట్టలేదు దాన్ని. తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాను.

"ఆయన తగలబెట్టలేదు ఫూల్‌మతీ. నేను. టీ పొయ్యి ఆర్పకుండా రేడియో కోసం పరిగెత్తాను. అంటుకుంది. ఇదిగో, ఈ మూత అక్కడే దొరికింది వాళ్లకి. నెపం ఆయన మీదికి పోనిచ్చాను. అపిసాయి అడిగితే కూడా చెప్పలేదు. అది కకసే కాదు, అభాండం. నేను వేశాను."

ఫూల్‌మతి నోరు తెరిచి నన్నే చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుని తన గుండెకు ఆనించుకుంది.

"ఎంత మనసమ్మా నీది," అంది. "చచ్చినవాడి మీద కూడా చెడ్డ పేరు ఉండనివ్వవు, నీ నెత్తిన వేసుకుంటావు! నీలాంటి మనిషి ఈ లంబాసాలో మళ్లీ పుట్టదు."

"కాదు ఫూల్‌మతీ, విను..."

"తెలుసులే, తెలుసులే. సాయంత్రం భజనలో అందరికీ చెబుతాను నువ్వేమన్నావో." కొంగుతో కళ్లు తుడుచుకుంది. చూపు నా చేతిలోని మూత మీద పడింది. "ఆఁ, టీ పెట్టు, పెట్టు. చక్కెర తక్కువ వెయ్యి."